సైదులును సైదమ్మ చేయమన్నారు

ప్రశ్న: అమ్మా, నాకు 29 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. నేను గే. ఈ సంగతి ఇద్దరు దోస్తులకు తప్ప ఎవరికీ తెలియదు. మూడేళ్లు కూర్చొని ఒక నవల రాశాను. మిర్యాలగూడ రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసే శేఖర్‌కూ, ధాన్యం లారీ నడిపే సైదులుకూ ఒక యాసంగి సీజన్‌లో పుట్టిన ప్రేమ అందులో కథ. రెండు నాటికలు కూడా రాశాను. ఒకటి కాలేజీ పిల్లలతో ఆడించాను, రెండోది ఎవరికీ చూపలేదు. ఒక ప్రచురణకర్త నవల చదివి, "భాష బాగుంది, మిల్లు బాగుంది. సైదులును సైదమ్మ చెయ్యి, బుక్ ఫెయిర్ నాటికి వేసేద్దాం" అన్నాడు. ఏం చేయాలి? కలం పేరుతో వేసుకుంటే పిరికితనమా? ఒకసారి 'గే రచయిత' అని ముద్ర పడితే తర్వాత ఏం రాసినా అదే కళ్లతో చూస్తారా? రాతను నమ్ముకొని బతకవచ్చా? చెల్లె పెండ్లి కావాల్సి ఉంది. నాకూ సంబంధాలు చూస్తున్నారు. టెన్షన్‌తో ఆరు నెలల నుంచి ఒక్క పేజీ రాయలేదు.
– నల్లగొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు:

బిడ్డా, సైదమ్మ దగ్గర నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఆ ప్రచురణకర్త చెడ్డవాడేమీ కాదనుకుంటాను. మిల్లును చూశాడు, భాషను చూశాడు, కథ ఎక్కడ నిలబడిందో మాత్రం చూడలేదు.

మన దగ్గర ఇద్దరు మగవాళ్లు చేతులు పట్టుకొని గడియారం సెంటర్‌లో నడిచినా ఎవరూ తల తిప్పి చూడరు. ఒకే బండి మీద పోతారు, ఒకే గ్లాసులో సగం సగం చాయ్ తాగుతారు, ఎండాకాలం డాబా మీద ఒకే చాప మీద పడుకుంటారు. "మంచి దోస్తులు" అంటారు, అయిపోయింది. అదే ఆడా మగా అయితే పది అడుగులు వేసేలోపు ఫోన్లు మోగుతాయి. శేఖర్, సైదులు తెల్లవార్లూ లారీ క్యాబిన్‌లో కూర్చొని మాట్లాడుకోగలిగారంటే కారణం ఒకటే. అందులో ప్రేమ ఉండొచ్చన్న ఊహ కూడా ఆ మిల్లులో ఎవరికీ రాదు. వాళ్లకు చాటు ఇచ్చేది ఆ ఊహ లేకపోవడమే, ఊపిరాడకుండా చేసేదీ అదే. సైదమ్మ వచ్చి కూర్చుందనుకో, మొదటి రాత్రికే హమాలీలకు తెలుస్తుంది, రెండో రోజుకు కులపెద్దలు వస్తారు. అది వేరే నవల. రాయాలనిపిస్తే ఎప్పుడైనా రాసుకో, దీన్ని కోసి మాత్రం అది కుట్టకు.

పేరు విషయం కూడా చెప్పాలి. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకొని పుట్టిన బిడ్డలకు సైదులు, సైదమ్మ అని పెట్టుకోవడం మీ దిక్కు మామూలే. హిందువుల ఇళ్లలోనూ పెడతారు. పేరు మారిస్తే చాలనుకున్న ఆ పెద్దమనిషికి, ఆ పేరు లోపల ఎంత ఊరు ఉందో తట్టినట్టు లేదు.

నాకు ఇంత కోపం రావడానికి సొంత కారణం ఒకటి ఉంది. ముప్పై ఏళ్ల కింద నేనొక నాటిక రాశాను. పాలమూరు నుంచి వలస పోయిన కూలీ భార్య, భర్త చనిపోయాక మేస్త్రీని ఎదిరించి ఒంటరిగా ఊరికి తిరిగి రావడం కథ. ప్రదర్శించిన సంస్థవాళ్లు ముగింపు మార్చారు. ఆమెకు మేస్త్రీ తమ్ముడితో పెండ్లి చేశారు. "జనం చప్పట్లు కొట్టాలి కదమ్మా" అన్నారు. నేను తలూపాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఇప్పుడు నా దగ్గర ఆ మొదటి ముగింపు కాగితం కూడా లేదు. ఏం రాశానో మాట మాటగా గుర్తు లేదు. అందుకే ముందు ఒక పని చెయ్యి. నీ నవల ఇప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఒక ప్రింటు తీసి ఆ ఇద్దరు దోస్తుల్లో ఒకరి ఇంట్లో పెట్టు. ఇంకో కాపీ నీకు నువ్వే మెయిల్ చేసుకో. తర్వాతే ఎవరి సలహా అయినా, నాది సహా.

నీ ప్రశ్న కొత్తది కాదు. ఇంగ్లండు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ పేరు నీకు తెలిసే ఉంటుంది. 1924లో మన దేశం మీద ఆయన రాసిన పెద్ద నవల వచ్చింది. దాన్ని సయ్యద్ రాస్ మసూద్‌కు, వాళ్ల 17 ఏళ్ల స్నేహానికి అంకితమిచ్చాడు. ఆ మసూద్ మన హైదరాబాద్ రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్నవాడే, ఉస్మానియా యూనివర్సిటీ పుట్టుకలో పనిచేసినవాడే. ఫార్‌స్టర్ హైదరాబాద్ వచ్చి ఆయన ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాడు కూడా. మసూద్ మీద ఆయనది ప్రేమే, మసూద్ వైపు నుంచి స్నేహం ఒక్కటే. ఇద్దరు మగవాళ్ల ప్రేమ మీద ఫార్‌స్టర్ 1913, 14లలోనే 'మారిస్' అనే నవల రాసి పెట్టుకున్నాడు. పట్టుబట్టి సుఖాంతం చేశాడు. దగ్గరివాళ్లకు చూపించుకుంటూ బీరువాలోనే ఉంచాడు. 1924 తర్వాత ఇంకో నవల ప్రచురించలేదు. 1970లో చనిపోయాడు, 1971లో 'మారిస్' అచ్చయింది. 1924 నుంచి చనిపోయేదాకా 46 ఏళ్లు ఒక్క నవలా బయటికి రాలేదు. ఆడామగా ప్రేమ గురించి మాత్రమే రాయనిస్తారు, అదే రాసి రాసి విసుగొచ్చింది అన్న అర్థంలో 1911లోనే డైరీలో రాసుకున్నాడు.

నాకు ఎక్కువ గుచ్చుకున్నది ఇంకోటి. ఇంగ్లండులో 1967లో చట్టం మారింది, మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాదన్నారు. ఆ తర్వాత మూడేళ్లు బతికి ఉన్నాడు కదా, అయినా వేయలేదు. 'ప్రచురించవచ్చు, కానీ అంత అవసరమా?' అని రాతప్రతి మీద ఆయనే రాసి పెట్టుకున్నాడు. యాభై ఏళ్లు దాచడానికి అలవాటు పడిన చేతికి, తాళం తీశాక కూడా తలుపు తెరవబుద్ధి కాలేదు. మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ నుంచి ఈ నేరం తీసేసింది. నీకప్పుడు ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉండి ఉంటాయి. చట్టం నీ కలాన్ని ఆపడం లేదు. నువ్వు చూసుకోవాల్సింది నీ చేతి అలవాటును. పైగా ఫార్‌స్టర్‌కు నాయనమ్మ వరస ఆమె ఇచ్చిన 8,000 పౌండ్లు ఉండేవి, రాయకపోయినా పూట గడిచింది. నీకు నెల జీతం ఆగితే గడవదు. కాబట్టి ఆయనలా బీరువాలో దాచుకోమనను, రేపే మైకు పట్టుకొమ్మనీ అనను.

అమెరికన్ రచయిత జేమ్స్ బాల్డ్‌విన్‌ది ఇంకో దారి. ఆయన నవలలూ రాశాడు, నాటకాలూ రాశాడు. మొదటి నవలకు మంచి పేరొచ్చాక, పారిస్‌లో ఇద్దరు మగవాళ్ల ప్రేమ మీద రెండోది రాస్తే, మొదటిది వేసిన పేరున్న ప్రచురణ సంస్థే వద్దు పొమ్మంది. ఉన్న పాఠకులు కూడా పోతారని వాళ్ల భయం. ఆయన పాత్రను మార్చలేదు, ప్రచురణకర్తను మార్చాడు. 1956లో అచ్చయిన ఆ పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. 1964లో ఆయన నాటకం బ్రాడ్‌వే ఎక్కింది. ఇది తేలికైన దారి అని చెప్పడం లేదు, ఆయన దేశమే వదిలిపోయాడు. నువ్వు నల్లగొండ వదలక్కర్లేదు, ఆ ఒక్క ప్రచురణకర్తను వదిలితే చాలు.

"తెలుగులో ఇట్లాంటివి చదివేవాళ్లు లేరు" అని కూడా నీతో అనే ఉంటాడు. లేరు అన్నమాటకు పాలమూరువాళ్లం ఎప్పుడో జవాబిచ్చాం. తెలంగాణలో కవులే లేరని ఒకరంటే, ఇటిక్యాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. చదివేవాళ్ల సంగతి కూడా అంతే. హిజ్రా అయిన ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి తెలుగు చేస్తే, ఆ అనువాదానికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఎవరూ చదవకుండానే వచ్చిందా? చిన్న ప్రచురణ సంస్థలు, యువ సంపాదకులు హైదరాబాద్‌లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. మొత్తం నవల పంపకు. రెండు అధ్యాయాలు, ఒక పేజీ సారాంశం పంపు. సారాంశంలో మొదటి వాక్యంలోనే శేఖర్, సైదులు ప్రేమించుకున్నారని రాయి. అది చదివి వద్దనేవాడు నీ ఏడాది మిగిల్చినట్టు.

ఇక కలం పేరు. పిరికితనం కాదు బిడ్డా. తెలుగులో కలం పేరుకు సిగ్గుపడాల్సిన చరిత్రే లేదు. వారపత్రికల్లో రచయిత్రుల సీరియళ్లు జోరుగా నడిచిన రోజుల్లో కొందరు మగవాళ్లు ఆడపేర్లతో రాసి అమ్ముకున్నారు. అప్పుడు రచయితే సైదమ్మ అయ్యాడు, పాత్ర కాలేదు! నాకు తెలిసిన తేడా ఇంతే. పేరు దాచుకుంటే నువ్వు దాక్కుంటావు, పాత్రను మారిస్తే కథ చచ్చిపోతుంది. చెల్లె పెండ్లి అయ్యేదాకా నీ పేరు అట్ట మీద లేకపోతే కొంప మునగదు. ఆమె నీ నవలకు సంతకం పెట్టలేదు కదా. నీ కాలేజీ యాజమాన్యం ఎట్లాంటిదో నీకే తెలియాలి. 2018 తీర్పు ప్రభుత్వాన్ని కట్టేస్తుంది కానీ, ఇందుకోసమే ఒక ప్రైవేటు కాలేజీ నిన్ను తీసేస్తే నేరుగా పట్టుకునే చట్టం మన దగ్గర ఇంకా లేదు.

కలం పేరు పెట్టుకుంటే సరిగ్గా పెట్టుకో. ఒప్పందం నీ అసలు పేరు మీదే ఉండాలి. రాయల్టీ పడేది నీ ఖాతాలో, పాన్ కార్డు నీదే. అంటే ప్రచురణకర్తకు నువ్వెవరో తెలుస్తుంది. అందుకే నోరు అదుపులో ఉన్న మనిషిని వెతుక్కో, పేరు బయటపెట్టకూడదని ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించు. ఆవిష్కరణ సభ వద్దు, వెనక అట్ట మీద ఫొటో వద్దు. నీ మామూలు ఫోన్ నంబరుతో పుస్తకం గురించి ఎవరితోనూ మాట్లాడకు, ట్రూకాలర్‌లో నీ పేరూ కాలేజీ పేరూ కలిపి వస్తాయి. 'మా ఊరి గుట్టకు, మా అమ్మకు' అని అంకితం రాయకు, నవ్వకు, నిజంగా అట్లా దొరికిపోయిన మనిషి నాకు తెలుసు. భాషను మాత్రం ఏం చేయలేం. దేవరకొండ యాస తెలిసినవాడు మూడు పేజీల్లో పట్టేస్తాడు. ఆ ప్రమాదం ఉంచుకో. యాస తీసేస్తే మళ్లీ సైదమ్మే.

కాపీరైటుకు భయపడకు. కలం పేరుతో వచ్చిన రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఆలోపు నువ్వే బయటపడితే, అందరికీ ఉన్నట్టే నీ తదనంతరం 60 ఏళ్లు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

పేరు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే. సైదులు నిజమైన మనిషా? ఉత్తరంలో చెప్పలేదు, చెప్పక్కర్లేదు. నిజమైన మనిషే అయితే, అతనికి పెండ్లాం పిల్లలు ఉంటే, అతని లారీ నంబరు, అతని చెంప మీది గాటు, అతని ఊతపదం నీ పుస్తకంలో ఉంటే, నువ్వు కలం పేరు వెనక హాయిగా ఉంటావు, అతను మిల్లు మధ్యలో నిలబడతాడు. నీ గుట్టు విప్పుకోవడం నీ ఇష్టం, అతని గుట్టు నీది కాదు. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటావు, కాలేజీ పిల్లలను తీసుకుపోయే ఉంటావు. గర్భగుడిలో పొద్దంతా కదలకుండా స్తంభం నీడ ఒకటి పడుతుంది. అది ఏ స్తంభానిదని ఎంత వెతికినా దొరకదు. ఒక్క స్తంభం నీడ కాదది, బయటి స్తంభాల మధ్య నుంచి పలు దిక్కుల వెలుతురు వచ్చి కలిసి చేసే నీడ అని ఫిజిక్స్ చెప్పేవాళ్లు వివరించారు. సైదులును అట్లా కట్టు. ఒకరి నడక, ఇంకొకరి నవ్వు, నువ్వు చిన్నప్పుడు చూసిన మేనమామ కోపం. ఎవరు వెతికినా స్తంభం దొరకకూడదు.

ముద్ర సంగతి. మక్తల్ దాటి కృష్ణ వంతెన ఎక్కితే అవతల రాయచూరు. ఆ వైపు కన్నడంలో వసుధేంద్ర ఉన్నారు, బళ్లారి జిల్లా సండూరు మనిషి. ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రాశారు. సొంతంగా ప్రచురణ సంస్థ పెట్టుకొని తన పుస్తకాలే కాదు, కొత్తవాళ్లవీ వేశారు. అప్పటికే పాఠకులు ఉన్న రచయిత. 2013లో 'మోహనస్వామి' కథలతో తాను గే అని దాచకుండా చెప్పారు. దాంతో ముద్ర పడిందా? పడే ఉంటుంది. 2019లో ఆయన నుంచి వచ్చింది విజయనగర కాలం, లిస్బన్, గోవా కలిసిన చారిత్రక నవల. దాన్నీ జనం ఎగబడి చదివారు. ముద్ర ఒక పుస్తకంతో పడుతుంది, నాలుగు పుస్తకాలతో పలచబడుతుంది. ఆయన వరస కూడా గమనించు. ముందు ఉద్యోగం, పాఠకులు, చేతిలో ప్రచురణ, ఆ తర్వాతే బయటపడటం. నువ్వు అదే వరసలో పోవాలని లేదు గానీ, ఆయన తొందరపడలేదు.

ముద్ర గురించి ఇంకో మాట, ఇది తెలుగు మాస్టారువి కాబట్టి నీతోనే అనగలను. 'స్వలింగ సంపర్కుడు' అనే పేపరు మాటను నవలలోకి రానివ్వకు. అందులో సంపర్కం ఉంది, మనిషి లేడు. 'గే' అనే మాట నీ తరానికి నోటికి వచ్చింది, మంచిదే, శేఖర్ ఫోన్‌లో చదివి ఉండొచ్చు. లారీ నడిపే సైదులుకు మాత్రం తనేమిటో చెప్పే మాట ఉండదు. ఊళ్లో ఉన్న మాటలన్నీ తిట్లే. ఆ తిట్లు తిట్టేవాళ్ల నోట్లోనే ఉంచు, కథ చెప్పే గొంతులోకి తేకు. మరి సైదులు తన ప్రేమను ఏమంటాడు? ఏమీ అనడు. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేసి "తిన్నవా?" అంటాడు. "యాడున్నవ్? పండుకున్నవా?" అంటాడు. రెండు వాక్యాల్లో మొత్తం వచ్చేస్తుంది. మన యాసలో ప్రేమకు నామవాచకాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. నీ నవలకు అదే బలం. ఇంగ్లీషులో ఇట్లాంటి నవలలు చదివి ఆ మాటలు సైదులు నోట్లో కుక్కావేమో ఒకసారి వెతుకు.

నాటికలకు వస్తాను. నవలకు ఉన్న చాటు నాటకానికి ఉండదు. నవల చదివేవాడు ఒంటరిగా దుప్పటి కప్పుకొని చదువుతాడు. నాటికకు ఐదుగురు నటులు కావాలి, డైరెక్టరు కావాలి, మేకప్ మనిషి కావాలి. ప్రతి ఒక్కడూ రిహార్సల్‌లో "సార్, ఇది మీ కథేనా?" అంటాడు. ఆ వేషం వేసిన పిలగాడిని ఇంటికి పోతే వాళ్లమ్మ అడుగుతుంది. మన ఊళ్లు వింతవి. భాగోతంలో మగమనిషి సత్యభామ వేసి జడ విసిరితే తెల్లవార్లూ కూర్చొని చూశాయి. స్థానం నరసింహారావు ఆడవేషాలకే దేశమంతా పేరు తెచ్చుకున్నాడు, 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. వేషం అన్నంతవరకు ఊరికి ఏ ఇబ్బందీ లేదు. ప్యాంటూ చొక్కా వేసుకున్న ఇద్దరు మగవాళ్లు స్టేజీ మీద ఒకరి కళ్లలోకి ఒకరు చూసి ఊరుకుంటే మాత్రం హాల్లో కుర్చీలు కదులుతాయి. ఆ నిశ్శబ్దం కోసమే నాటిక రాయాలి. కానీ మొదటిసారే నల్లగొండలో, నీ విద్యార్థులతో, నువ్వే డైరెక్ట్ చేస్తూ వేయకు. వాళ్లు మైనర్లు, ఉద్యోగం పోవడానికి అంతకంటే దగ్గరిదారి లేదు.

హైదరాబాద్ పట్టుకుపో. ముందు ప్రదర్శన కాదు, చదివి వినిపించు. నాలుగు కుర్చీలు, నాలుగు కాగితాల కట్టలు, ఇరవై మంది శ్రోతలు చాలు. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి ఇట్లాంటివాటికి చోటిస్తోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, తెలుగు యూనివర్సిటీలోనూ నాటకం చదువుకునే పిల్లలు ఉన్నారు. తెలుగులో తమ వయసు మనుషుల గురించి కొత్త నాటిక దొరకడం వాళ్లకు అరుదు. హైదరాబాద్‌లో ప్రైడ్ నడక 2013లోనే మొదలైంది, ఆ జనంలో తెలుగు నాటిక కోసం ఎదురుచూసేవాళ్లు తప్పకుండా ఉంటారు. గంటలో ముగిసేలా, ఒకే సెట్టుతో, నలుగురైదుగురు పాత్రలకు మించకుండా ఉంటే ఆడేవాళ్లు దొరుకుతారు.

ఎవరికిచ్చినా కాగితం మీద ఇవ్వు. అచ్చువేసే హక్కు వేరు, ఆడే హక్కు వేరు, సినిమా హక్కు వేరు. 'సర్వహక్కులు' అని కనబడితే పెన్ను కింద పెట్టు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు అనుకుంటారు. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోపు వాడుకోకపోతే, వేరేలా రాసుకోనంతవరకు అది పోతుంది. అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. నీ పరువుకు భంగం కలిగేలా రచనను వంకర చేస్తే ఎదిరించే హక్కు, హక్కులు అమ్ముకున్నాక కూడా నీ దగ్గరే ఉంటుంది. ముప్పై ఏళ్ల కింద ఇది నాకెవరూ చెప్పలేదు. ఇంగ్లీషు నాటకకర్త ఆస్కార్ వైల్డ్ మగవాళ్లతో సంబంధం నేరమని 1895లో అరెస్టయినప్పుడు లండన్‌లో ఆయన నాటకం ఆడుతూనే ఉంది, పోస్టర్ల మీద ఆయన పేరు మాత్రం తీసేశారు. పేరు తీయడానికి, ముగింపు మార్చడానికి థియేటర్లో ఎప్పుడూ ఎవరో ఒకరు సిద్ధంగానే ఉంటారు.

డబ్బు గురించి రెండే మాటలు. పుస్తకం ధర 200, రాయల్టీ పది శాతం, 500 కాపీలు అమ్ముడుపోయాయనుకో. నీకు వచ్చేది 10,000. మూడేళ్ల పనికి పంచితే నెలకు 300 కూడా పడదు. తెలుగులో నవల మీద బతికినవాళ్లు వారపత్రికల రోజుల్లో కొందరు ఉన్నారు, ఆ రోజులు పోయాయి. ఉద్యోగం వదలకు. రాత తెలిసినవాడికి పక్కన అనువాదాలు, ఆకాశవాణి నాటికలు, ఆడియో కథలు, సీరియల్, ఓటీటీ డైలాగులు ఉన్నాయి. చివరి దాంట్లో డబ్బు బాగుంటుంది, పేరు వేస్తారో లేదో ముందే రాయించుకో. సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి వయసు పరిమితి 35, బహుమతి 50,000 రూపాయలు. నీకు ఆరేళ్లు ఉన్నాయి. దానికోసం రాయమని కాదు, రాశాక గుర్తుంచుకోమని.

పెండ్లి సంబంధాల విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. చూపులకు పోకు. టెన్షన్ తగ్గుతుందనో, చెల్లె పెండ్లికి అడ్డు పోతుందనో ఒక ఆడపిల్లను తెచ్చుకోకు. ఆమెకు నిజం తెలియకుండా ఆమె బతుకు మీద సంతకం పెట్టే హక్కు నీకు లేదు. "చెల్లెది అయినంక చూద్దాం" అన్న మాట మన ఇళ్లలో రెండు మూడేళ్లు చెల్లుతుంది, అన్నకు ఆ గౌరవం ఉంది, వాడుకో. ఇద్దరు మగవాళ్ల పెండ్లికి చట్టం లేదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి అమ్మకు ఎప్పుడో చెప్పినప్పుడు కూడా, నువ్వు చూపించగలిగే శుభలేఖ ఉండదు. ఆ మాటలు వెతుక్కోవడానికి టైమ్ పడుతుంది. తెలిశాక డాక్టరుకు చూపిస్తామని లాక్కుపోతే, ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే 2018లో చెప్పిందని గుర్తుపెట్టుకో. 'మారుస్తాం' అనే చికిత్సను డాక్టర్ల వృత్తి దోషంగా 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చింది. నిద్ర పట్టని రాత్రులు ఎక్కువైతే 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, డబ్బులేమీ ఉండవు, తెలుగులో మాట్లాడతారు.

ఆరు నెలలుగా రాయలేదన్నావు. నవల పూర్తయిందిగా, ఇంకేం రాస్తావు? సైదమ్మ అన్న మాట విన్నాక ప్రతి వాక్యం దగ్గర ఆ ప్రచురణకర్త వచ్చి కూర్చుంటున్నాడు, అంతే. కొత్తది మొదలుపెట్టకు ఇప్పుడే. ఎవరికీ చూపని ఆ రెండో నాటిక తియ్యి. ఈ ఆదివారం ఆ ఇద్దరు దోస్తులను రూముకు పిలిచి, తలుపు దగ్గరికేసి, చెరో పాత్ర ఇచ్చి గట్టిగా చదివించు. నువ్వు చదవకు. చాయ్ పెట్టి, పక్కన కూర్చొని, వాళ్ల గొంతులు ఎక్కడ తడబడుతున్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకో.